డబ్బాపాల కొఱత - పసిబిడ్డల పోషణ

కరవులు పలువిధములు. వానలు లేక వచ్చు కరవు ఊరికెల్ల కనబడును. చెఱువు ఎండును, చేలు మాడును, పశువులు బక్కచిక్కును. ఊరివారందఱు కూడి దానికి విరుగుడు ఆలోచింతురు. ఇంకొక కరవు కలదు. అది ఒక్కొక్క యింటి తలుపులోపలనే యుండును. పసిబిడ్డకు అలవాటైన పాలపొడి డబ్బా దుకాణములో దొరకదు. దొరకినను కొనుటకు రొక్కము చాలదు. పెద్దవారైనచో ఒక పూట గంజితోనైనను గడుపుకొనగలరు. రెండు నెలల బిడ్డకు అట్టి వీలు లేదు. రెండు మూడు గంటలకొకసారి ఆ బిడ్డ కడుపు నిండవలెను. నిండనిచో ఏడ్చును, ఏడ్చి ఏడ్చి అలసి నిద్రించును. బిడ్డ ఊరుకున్నదని మనము సంతోషింతుము. ఆ ఊరుకొనుటయే ప్రమాదమునకు మొదటి మెట్టు కావచ్చును.

అట్టి రాత్రి బిడ్డ నోట ఏమి పోయవలెనో నిర్ణయించునది పలుమారు తల్లి గాదు. ఇరువదియేండ్ల బాలింత అత్తగారి వంక చూచును. అత్తగారు ఇంటి పెద్ద వంక చూచును. డబ్బు తీయువారు పెద్దలు, ఆటో పిలిపించువారు పెద్దలు, మా కాలములో ఇట్లు చేసితిమని చెప్పువారును పెద్దలే. కావున ఈ విషయమును ముందుగా పెద్దల యెదుట ఉంచుట యుక్తము.

బుచ్చయ్యపేట మండలము చోడవరమునకును మాడుగులకును దాపున నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన విశాఖపట్నము జిల్లానుండి విడివడి యేర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. వరియు చెఱకును పండు నేల. బెల్లమునకు పేరుపొందిన అనకాపల్లి విపణికి చేరువ. పాడిగేదెలు గల గ్రామములు. ఇట్టిచోట పాలకు కొఱత యేమని ఎవరైన అడుగవచ్చును. దానికి సమాధానము 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను చెప్పినది. విశాఖపట్నమువద్ద తీరము దాటిన ఆ తుపాను విద్యుత్తును, దారులను, దుకాణములను ఒక్కసారిగా స్తంభింపజేసెను. నగరములో పాల పొట్లములకై జనులు బారులు తీరిరి. ఉన్న కొద్దిపాటి పాలు హెచ్చు ధరలకు అమ్ముడయ్యెను. దారికడ్డముగా చెట్లు కూలిన దినములలో దుకాణపు పాలమీద ఆధారపడిన బిడ్డకు ఆ దుకాణము ఎంత దూరమైనదో ఊహించుకొనవచ్చును. తల్లిరొమ్ము కుడుచు బిడ్డకు మాత్రము ఆ దూరము పెరుగలేదు.

మన తీరమున తుపాను కలిగించిన కొఱతను, ఏ తుపానును లేకుండ, లోకములో మిక్కిలి ధనవంతమైన దేశమొకటి 2022వ సంవత్సరమున అనుభవించెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో శిశువుల పాలపొడిని దాదాపు అంతయు నాలుగు పెద్ద కంపెనీలే తయారుచేయుచుండెను. అందు ఒకటైన ఆబట్ కంపెనీకి మిషిగన్ రాష్ట్రములోని స్టర్జిస్ అను ఊర పెద్ద కర్మాగారము కలదు. క్రోనోబాక్టర్ అను సూక్ష్మజీవి విషయమై అనుమానములు పుట్టి, 2022 ఫిబ్రవరి 17వ తేదీన అచ్చటి పాలపొడిని దుకాణములనుండి వెనుకకు రప్పించిరి, కర్మాగారము మూతపడెను. మే మాసము నాటికి దుకాణములలో నూటికి నలుబదివంతుల రకములు దొరకకుండెను. తల్లిదండ్రులు ఊరూర తిరిగిరి. ఒక్కొక్కరికి ఇన్ని డబ్బాలే అమ్ముదుమని దుకాణములవారు హద్దులు పెట్టిరి. మే 18వ తేదీన ఆ దేశాధ్యక్షుడు యుద్ధకాలపు ఉత్పత్తికై చేసిన చట్టమును ఈ పాలపొడికై ప్రయోగించెను. మే 22వ తేదీన జర్మనీనుండి సైనిక విమానములో సుమారు 35 టన్నుల పాలపొడిని ఇండియానాపొలిస్ నగరమునకు దింపిరి. జూన్ 4వ తేదీన కర్మాగారము మరల తెరచినను, కొలది దినములకే గాలివాన వఱద లోపలికి వచ్చి మరల ఆగిపోయెను.

ఆ దేశములో మన తెలుగు కుటుంబములు అసంఖ్యాకముగా నున్నవి. కూతురికో కోడలికో పురిటి సాయమునకై ఇచ్చటినుండి విమానమెక్కి పోవు అమ్మమ్మలును నాయనమ్మలును మన జిల్లాలోను కలరు. కావున అది పరాయి దేశపు ముచ్చట యని త్రోసివేయరాదు. ఒక్క కర్మాగారపు తలుపు మూతపడినంతనే విమానములున్న దేశమే తల్లడిల్లినది. వడ్డాదిలోనో చోడవరములోనో ఉన్న మందుల దుకాణమునకు సరుకు రాకపోవుటకు అంతటి కారణమైనను అక్కఱలేదు. వంతెనమీదికి నీరు వచ్చిన చాలును.

మఱి యింట గేదె యుండగా డబ్బాకై ఏల వెదకవలెనని పెద్దలు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు పాలలోనే యున్నది. నూఱు మిల్లీలీటర్ల తల్లిపాలలో మాంసకృత్తులు సుమారు 1 గ్రాము మాత్రమే. ఆవుపాలలో 3 గ్రాములకు మించియుండును. గేదెపాలలో సుమారు 4 గ్రాములు. లవణములు తల్లిపాలలోకంటె ఆవుపాలలో మూడురెట్లకు పైగా నుండును. చక్కెరయో, తల్లిపాలలో 7 గ్రాములు. పశువుల పాలలో 5 గ్రాములకు లోపు. దూడ నెలలలో ఎదిగి పరుగెత్తవలెను, కావున దాని తల్లిపాలు దానికి తగినట్లుండును. మనిషిబిడ్డ మెల్లగ ఎదుగును. దాని మూత్రపిండములు లేతవి. హెచ్చయిన మాంసకృత్తులను లవణములను వెలికి పంపుటకు అవి ఒంటిలోని నీటిని ఖర్చుచేయవలసివచ్చును. ఎండకాలములో ఈ నష్టము మఱింత హెచ్చు. అదిగాక పశువుల పాలలో ఇనుము మిక్కిలి తక్కువ. అట్టి పాలు చిన్న బిడ్డ ప్రేగులనుండి కంటికి కనబడనంత రక్తమును స్రవింపజేయుటయు కలదు. బిడ్డ బొద్దుగా కనబడుచునే పాలిపోవును.

నీళ్లు కలిపి పంచదార వేసినచో సరిపోవునుగదా యని కొందఱందురు. నీళ్లు మాంసకృత్తులను పలుచజేయునుగాని, వానితోబాటు కొవ్వును విటమినులను గూడ పలుచజేయును. లేని ఇనుమును తెచ్చిపెట్టజాలవు. గాడిదపాలు పట్టినచో ఉబ్బసము రాదనియు గొంతు బాగుగ వచ్చుననియు వీధులలో అమ్ముచు తిరుగువారు కలరు. ఆ మాటలకు ఆధారము లేదు. కాచని ఆ పాలతో రోగము వచ్చుట కవకాశము కలదు. బెల్లపు నీరు, తేనె, సగ్గుబియ్యపు జావ, గంజితేట, డబ్బాలలో అమ్ము చిక్కని తీపిపాలు - ఇవి యేవియు ఆఱు నెలల లోపు బిడ్డకు ఆహారములు కావు. తేనెలో నుండదగిన యొక సూక్ష్మజీవి ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో చేరి నరములను చచ్చుపఱచు విషమును పుట్టించును. ఆఱు నెలలు నిండిన బిడ్డ మాట వేఱు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023వ సంవత్సరమున ఇచ్చిన సూచనల ప్రకారము, తల్లిపాలు లేని బిడ్డకు ఆఱు నెలలు దాటిన పిమ్మట కాచిన పశువుల పాలును పట్టవచ్చును. అయితే మెత్తని అన్నము, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు మొదలైన ఇనుముగల ఆహారము దానితో కలసి సాగవలెను.

డబ్బాపాలు నిన్నమొన్నటివి గావు. 1860 తరువాతి సంవత్సరములలో జర్మనీలో లీబిగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడును, స్విట్జర్లాండులో హెన్రీ నెస్లే యనువాడును తల్లిలేని బిడ్డలకు పనికివచ్చు ఆహారమును తయారుచేయ నారంభించిరి. నేటి పాలపొడి నాటిదానికంటె ఎన్నో మడుగులు మేలైనది. ఆవుపాలలోని హెచ్చును తగ్గించి, లోటును పూరించి, ఇనుమును విటమినులను కొలచి కలిపి చేయుదురు. తల్లి మరణించిన బిడ్డకు, ఏదేని వ్యాధివలన తల్లి పాలీయరాదని వైద్యుడు చెప్పిన బిడ్డకు అది ప్రాణదానమే. దానిని నిందింపరాదు. కాని దానిని కూర్చుట ఎంత సున్నితమైన పనియో 2003వ సంవత్సరమున ఇజ్రాయెల్ దేశములో తెలిసివచ్చెను. ఒక రకపు పాలపొడిలో థయమిన్ అను బి1 విటమిను లోపించుటచేత శిశువులు నరముల జబ్బుపడిరి, కొందఱు మరణించిరి. కర్మాగారములోనే అట్టి పొరపాటు జరిగినప్పుడు, వంటయింటిలో మన ఊహకొలది కలిపిన మిశ్రమము బిడ్డను ఎట్లు పోషింపగలదు?

ఆ బి1 విటమిను కథకు మన ప్రాంతముతోనే సంబంధము కలదు. 1941వ సంవత్సరమున కూనూరు పరిశోధనాలయమునకు చెందిన ఆక్రాయిడ్, కృష్ణన్ అను శాస్త్రజ్ఞులు మద్రాసు రాజధానిలో బెరిబెరి వ్యాధిగల సీమయందలి శిశుమరణములను గూర్చి తమ పరిశోధనను ప్రకటించిరి. ఆ సీమ ఉత్తర సర్కారులు. అనగా మన తీరమే. మిల్లులో తెల్లగ పాలిషుపెట్టిన పచ్చిబియ్యము ముఖ్యాహారమైనచోట, తవుడుతో విటమిను పోవును. కడుగునప్పుడు కొంత, గంజి వార్చునప్పుడు కొంత పోవును. తల్లి ఒంటిలో అది తఱిగినప్పుడు పాలలోను తఱుగును. అట్టి తల్లిపాలు త్రాగు బిడ్డలు రెండవ నెలనుండి అయిదవ నెలలోపున, చూచుటకు పుష్టిగా నుండియు, ఆకస్మికముగా ఆయాసపడి మరణింతురు. తల్లిపాలు చెడినవని ఆ కాలపువారు అనుకొనియుందురు. చెడినది పాలు గాదు, తల్లి విస్తరి.

కావున బాలింత పథ్యమును గూర్చి పెద్దలు ఆలోచింపవలెను. వెల్లుల్లి కారముతో నాలుగు ముద్దలు పెట్టి, పప్పు వాతమనియు, కూరగాయలు చలువ యనియు, నీళ్లు త్రాగిన పొట్ట పెరుగుననియు వారములకొలది కట్టడిచేయు ఇండ్లు నేటికిని కలవు. కాయము తినిపింతురుగాని కడుపునిండ అన్నము పెట్టరు. పాలిచ్చు తల్లి మామూలుకంటె ఒక పూట భోజనము అదనముగా తినవలెను. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, పాలు, వేరుశెనగలు, తినువారైనచో చేపలు, దాహమునకు తగినన్ని నీళ్లు - ఇవియే పాలకు ముడిసరకు. ఉప్పుడు బియ్యమో, తక్కువ పాలిషుగల బియ్యమో వండి, గంజి పాఱబోయకున్నచో ఎనుబదియేండ్ల క్రిందటి ఆ పరిశోధనకు మనము ఇంటనే ఫలమిచ్చినవారమగుదుము.

డబ్బా కొఱత నిజమైన ఆపద ఎప్పుడగును? డబ్బా అవసరములేని బిడ్డకును దానిని అలవాటుచేసినప్పుడు. ఆ అలవాటు పెక్కుసారులు మొదటి దినముననే మొదలగును. కాన్పయిన గంటలోపల బిడ్డను రొమ్ముకు చేర్పవలెనని వైద్యులందఱు చెప్పుచున్నారు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో అట్లు పాలు త్రాగిన బిడ్డలు నూటికి 41.8 మంది మాత్రమే. ఆఱు నెలల లోపు బిడ్డలలో తల్లిపాలుమాత్రమే త్రాగువారు నూటికి 63.7 మంది. ముఱ్ఱుపాలు చిక్కగా పచ్చగా నుండునని పిండి పాఱబోయువారు కలరు. ఆ మొదటి పాలు చెంచాలతో కొలువదగినంతే వచ్చును. పుట్టిన బిడ్డ కడుపును అంతే పట్టును. అందు రోగములనుండి కాపాడు పదార్థములు మెండుగా నుండును. మొదటి టీకావంటిది. దానిని పాఱబోసి బెల్లపు నీరు నాకించి, మూడవనాడు పాలు పడలేదని డబ్బా తెప్పించుటవలన కొఱతను మన చేతులతో మనమే ఇంటిలోనికి తెచ్చుకొన్నట్లగును.

పాలు పడుట యను పని ఎట్లు జరుగునో తెలిసినచో ఈ భయము సగము తీరును. రొమ్ము కుండవంటిది గాదు, ఊటబావివంటిది. తోడినకొలది ఊరును. బిడ్డ చప్పరించినప్పుడు తల్లి మెదడుకు కబురు చేరి, పాలను పుట్టించు రసమొకటి, పాలను వెలికి నెట్టు రసమొకటి రక్తములో కలియును. సీసా పట్టిన పూట బిడ్డ రొమ్మును చప్పరింపదు. చప్పరింపనిచో కబురు చేరదు. కబురు చేరనిచో ఊట తగ్గును. పాలు తగ్గినవని రెండవ సీసా వచ్చును. ఇట్లు పదియేను దినములలో, చాలినన్ని పాలుగల తల్లియు పాలులేని తల్లియగును. భయము, నిద్రలేమి, ఇంటిలోని సూటిపోటి మాటలు రెండవ రసమునకు శత్రువులు. నీకు పాలు లేవు అను మాట ఔషధము గాదు, విషము. తల్లికి తలక్రింద దిండును, చేతికి మంచినీళ్లును, మనసుకు ధైర్యమును ఇచ్చిన పెద్దమనిషి పాలు ఇచ్చినవానితో సమానుడు.

పాలు చాలుచున్నవో లేదో ఏడ్పునుబట్టి తెలియదు. రోజుకు ఎనిమిదినుండి పండ్రెండుసార్లు పాలు త్రాగుచు, మొదటి వారము దాటిన పిదప ఇరువదినాలుగు గంటలలో ఆఱుసార్లకు తక్కువ గాక మూత్రము పోయుచు, పుట్టినప్పటి బరువును రెండు వారములలో తిరిగి పొంది నెలనెలకు పెరుగుచున్న బిడ్డకు పాలు చాలుచున్నవని యెఱుగవలెను. అంగన్‌వాడీలో త్రాసు కలదు. పొరుగింటివారి మాటకంటె త్రాసు మాట నమ్మదగినది.

ఇక ఇదివఱకే డబ్బాకు అలవాటుపడిన బిడ్డ మాట. డబ్బా దొరకనినాడు మొదట చేయవలసినది బిడ్డను తల్లి రొమ్ముకు చేర్చుటయే. ఎండినవనుకొన్న పాలు మరల వచ్చుట కలదు. తల్లి వక్షముమీద బిడ్డను ఒంటికి ఒళ్లు తగులునట్లు పండబెట్టి, పగలును రాత్రియు ఎనిమిది పదిమార్లు చప్పరింపనీయవలెను. బిడ్డ విసుగుకొన్నచో, పిండిన పాలనో కలిపిన పాలనో చెంచాతో రొమ్ముమీద బొట్టుబొట్టుగ జార్చుచుండిన, ఆ రుచికి బిడ్డ విడువక చప్పరించును. కొందఱికి కొలది దినములలో, కొందఱికి కొన్ని వారములలో పాలు తిరిగివచ్చును. అంతవఱకు డబ్బాపాలను ఒక్కసారి మానరాదు. వచ్చినకొలది తగ్గించుచు, ఆశా కార్యకర్తచేతనో ఏఎన్ఎమ్ చేతనో బరువు చూపించుచుండవలెను. రానిచో తల్లిది దోషము గాదు.

తల్లిలేని బిడ్డకు పినతల్లియో మేనత్తయో పాలిచ్చి పెంచుట మన కుటుంబములలో క్రొత్తగాదు. నేడును అది మంచి మార్గమే. అయితే పాలిచ్చు స్త్రీకి హెచ్‌ఐవి మొదలైన రోగములు లేవని పరీక్ష చేయించుకొనవలెను. ఇదే భావమును ఆసుపత్రులు తల్లిపాల బ్యాంకులుగా ఏర్పఱచినవి. మన దేశములో మొదటిది 1989వ సంవత్సరమున ముంబాయిలోని సయాన్ ఆసుపత్రిలో వెలసెను. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017వ సంవత్సరమున ధాత్రి అను పేర అట్టిది ఏర్పడెను. దానమిచ్చిన పాలను పరీక్షించి, వేడిచేసి శుద్ధిపఱచి, నెలలు నిండక పుట్టిన బిడ్డలకు ముందుగా ఇత్తురు.

ఏ మార్గమును లేక డబ్బాయే శరణ్యమైనచో మూడు విషయములు తెలిసికొనవలెను. మొదటిది: నెలలు నిండి పుట్టి ఆరోగ్యముగా నున్న బిడ్డకు ఒక కంపెనీ డబ్బా దొరకనిచో, అదే వయస్సునకు ఉద్దేశించిన ఇంకొక కంపెనీ డబ్బా పట్టవచ్చును. పేరు మాఱినంతమాత్రమున హాని లేదు. జబ్బునుబట్టి వైద్యుడు వ్రాసిన ప్రత్యేకమైన పాలపొడిని మాత్రము ఆయననడుగక మార్పరాదు.

రెండవది, అన్నిటికంటె ముఖ్యమైనది: పలుచన చేయరాదు. ఈ తప్పు దయలేక చేయునది గాదు, బీదతనముచే చేయునది. లెక్క చూడుడు. అయిదు కిలోల బరువుగల బిడ్డకు రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు కావలెను. 30 మిల్లీలీటర్ల నీటికి ఒక కొలత చెంచా చొప్పున, రోజుకు 25 చెంచాలు. ఒక్కొక్క చెంచాలో సుమారు నాలుగున్నర గ్రాములు పట్టిన, రోజుకు 110 గ్రాములకు పైమాట. 400 గ్రాముల డబ్బా నాలుగు దినములు రాదు. నెలకు ఎనిమిది డబ్బాలు. కూలిచేసి బ్రతుకు ఇంటిలో ఈ ఖర్చు చూచి, చెంచాలో సగము తగ్గించి వారము నడిపించువారు కలరు. అప్పుడు బిడ్డ కడుపు నీటితో నిండును, ఒళ్లు నిండదు. నీరు హెచ్చయి రక్తములోని ఉప్పు పలుచబడిన ఫిట్లు వచ్చి ప్రాణమే పోవచ్చును. అట్లే బలము రావలెనని చిక్కగ కలుపుటయు మూత్రపిండములకు చేటు. డబ్బామీద వ్రాసిన కొలతయే కొలత. చెంచా అంచుమట్టముగా నుండవలెను.

మూడవది శుచి. పాలపొడి సూక్ష్మజీవులు బొత్తిగా లేని వస్తువు గాదు. నీటిని మరుగకాచి, అరగంట దాటకముందు, ఇంకను బాగుగ వేడిగా నున్నప్పుడే పొడిని కలుపవలెను. 70 డిగ్రీల వేడికి తగ్గరాదు. పిమ్మట గిన్నెను చన్నీటిలో నుంచి చల్లార్చి, మణికట్టుమీద చుక్కవేసి చూచి పట్టవలెను. రెండు గంటలలో త్రాగని పాలను, త్రాగగా మిగిలిన పాలను దాచరాదు. ఇట్లు పాఱబోయుటకు చేయి రాదు. డబ్బా కఱవైనప్పుడు అసలే రాదు. కావున తక్కువ తక్కువగ కలుపుట మేలు. పాలసీసా మెడలోను పాలపీక రంధ్రములోను మడ్డి నిలిచి విరేచనములకు మూలమగును. దానికి బదులు ఉడికించి కడుగుటకు వీలైన చిన్న గిన్నె శ్రేష్ఠమని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అది మన ఉగ్గుగిన్నెయే! మన పెద్దలు బిడ్డకు మంచి పాత్రను ఎన్నుకొనిరి. అందు పోయు ఆముదమును, వస కొమ్ము అరగదీసిన రసమును మాత్రము మానివేయవలెను. బిడ్డను నిటారుగ ఒడిలో కూర్చుండబెట్టి గిన్నె అంచును పెదవికి తాకించిన తానే చప్పరించుకొనును. వెల్లకిల పండబెట్టి ధారగా పోసిన పొఱబోవును.

ఆపదలో ఉచితముగా వచ్చు డబ్బాలను గూర్చియు ఒక మాట. 2006వ సంవత్సరమున జావా ద్వీపములో భూకంపము వచ్చినప్పుడు దయగలవారు శిశువుల పాలపొడిని ఇంటింటికి పంచిరి. అది పుచ్చుకొన్న ఇండ్ల బిడ్డలలో విరేచనములు, పుచ్చుకొననివారికంటె రెట్టింపుగా నుండినవని పిమ్మట పరిశీలించినవారు కనుగొనిరి. నీరు చెడిన వేళ తల్లిపాలు మాన్పించి పొడిని అలవాటుచేయుట ఉపకారము గాదు. ఈ సంగతి లోకము ముందే గుర్తించినది. 1981 మే 21వ తేదీన ప్రపంచ ఆరోగ్య సభలో 118 దేశములు కూడి, తల్లిపాలకు బదులుగా అమ్ము వస్తువుల వ్యాపారమునకు నియమములను అంగీకరించెను. మన పార్లమెంటు 1992వ సంవత్సరమున చేసిన చట్టము 1993 ఆగస్టు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, 2003వ సంవత్సరమున మఱింత బిగించబడెను. దాని ప్రకారము రెండేండ్ల లోపు బిడ్డల పాలపొడికిని, సీసాలకును ప్రకటనలు చేయరాదు. తల్లులకు ఉచితముగా మచ్చుడబ్బాలు ఇయ్యరాదు. డబ్బామీద బిడ్డ బొమ్మ వేయరాదు. ఎవడైన ఊరికి వచ్చి అట్టి డబ్బాలు పంచినచో, అది దానము గాదు, నేరము. వైద్యుని అనుమతితో, నిజముగా అవసరమైన బిడ్డకు మాత్రమే డబ్బా చేరవలెను.

ఏ సంకేతములు చూచినంతనే ఆసుపత్రికి పరుగిడవలెనో ఇంటిల్లిపాదియు ఎఱిగియుండవలెను. బిడ్డ మత్తుగా పడియుండి పాలు త్రాగకుండుట, ఆఱు గంటలు మూత్రము పోయకుండుట, మాడు లోతుగ పడుట, ఫిట్లు, జ్వరము, ఒళ్లు చల్లబడుట, డొక్కలు ఎగురవేయుట - వీనిలో ఏ ఒక్కటి యున్నను తెల్లవారనిమ్మని ఆగరాదు. 108కి పిలుపు పంపవలెను. దారిలోను తల్లి బిడ్డను రొమ్మున నుంచుకొనవచ్చును.

గ్రామపెద్దలు చేయదగిన పని ఒకటి మిగిలియున్నది. చెఱువు గట్టు బలము వానకు ముందే చూతుము. గాదెలో ధాన్యము కొలచి ఉంచుకొందుము. మన ఊర ఆఱు నెలల లోపు బిడ్డలు ఎందఱు, వారిలో తల్లిపాలు లేక డబ్బామీద మాత్రమే బ్రతుకువారు ఎందఱు అను లెక్క మాత్రము మనయొద్ద లేదు. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ పంతులమ్మను కూర్చుండబెట్టి అడిగిన ఒక సాయంకాలములో అది తేలును. ఆ బిడ్డల ఇండ్లలో పదియేను దినములకు చాలునంత పాలపొడి, గడువు తేదీ చూచి కొన్నది, ముందుగా నుండునట్లు చూడవలెను. అంతకుమించి ఎవరును దాచుకొనరాదు. ఒకరి అటుకమీద పేరుకొన్న డబ్బాలు వేఱొకరి బిడ్డకు దక్కనివి. కొనలేని ఇంటికి ఊరు చేయి కలుపవలెను. తక్కిన ఇండ్లలో బాలింత విస్తరి నిండుగా నున్నదో లేదో కనుగొనవలెను. మన తీరమునకు పెద్ద తుపానులు తఱచుగా వచ్చునవి అక్టోబరు, నవంబరు మాసములు. ఆ నెలలు రాకముందే ఈ లెక్క వ్రాసి, దాని ప్రతియొకటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఇచ్చి ఉంచుడు.